ఆవలి ఒడ్డు వల

మా గురువుగారిని ప్రశ్న అడగడమంటే పని నెత్తికెత్తుకోవడమే. నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అది తెలిసి కూడా అంకన్న అడిగాడు, పాపం, అతనికి వేరే దారి లేదు.

అంకన్న బెస్తవారి బిడ్డ, నాతోపాటు ఆశ్రమంలో ఉండేవాడు. మా సరస్సుకు ఈవలి ఒడ్డు ఒక రాజ్యం, ఆవలి ఒడ్డు ఇంకొకటి. ఏడాది పొడుగునా ఇరువైపులా వలలు వేసి వేసి, చివరికి పిల్లచేప కూడా దొరకని రోజులు దాపురించాయి. అంకన్న అన్న కొర్లయ్య ఇంట్లో ఐదుగురు పిల్లలు గంజినీళ్ళు తాగి పడుకుంటున్నారు. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ ఉభయులూ వేట మానాలని రాజులిద్దరూ అనుకున్నారు. ఈ ఏడు చూసి, ఒడంబడిక నిలుస్తుందో లేదో చెప్పమని మా రాజు కబురుపెడితే, ఆ జవాబు తెమ్మని ఒడ్డువాళ్ళంతా కలిసి అంకన్నను గురువుగారి ముందుకు తోశారు.

"మనం మానేశాక వాళ్ళు దొంగచాటుగా వల వేస్తేనో, స్వామీ? మన పిల్లల నోరు కట్టి వాళ్ళ పిల్లలకు పెట్టినట్టు కాదూ?" అన్నాడు అంకన్న.

గురువుగారు లేచారు. "మీ అన్న వల తెచ్చి పడవలో వెయ్యి" అన్నారు.

ఆవలి ఒడ్డున దానయ్య అనే ముసలాయన మాకు ఎదురొచ్చాడు. అతనిదీ అదే అనుమానం, మాటలు కూడా దాదాపు అవే. గురువుగారు వల అతని ముందు పెట్టి, "ఈ రెండు నెలలూ దీన్ని నువ్వుంచుకో. నీది మాకివ్వు" అన్నారు.

"భలేవారే! నా వలతోనే మీరు పట్టుకుంటేనో?" అని నవ్వాడు దానయ్య. కానీ వలను చేత్తో కొలిచి చూసుకుని నవ్వు ఆపేశాడు. మా ఒడ్డు నడుము లోతు, వాళ్ళ ఒడ్డు మడుగు. మా పొట్టి వల వాళ్ళ నీళ్ళకు అందదు, వాళ్ళ పొడుగు వల మా బురదలో కూరుకుపోతుంది. ముసలాయన లోపలికి వెళ్ళి తన వల మోసుకొచ్చాడు. వారం తిరిగేసరికి రెండు ఒడ్లవాళ్ళూ అలాగే వలలు మార్చుకున్నారు.

కొర్లయ్య మాత్రం తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. "నీ బుద్ధి గడ్డి తిన్నదిరా! ఇంటిల్లిపాది కూడు తీసుకెళ్ళి పరాయి దేశంలో పడేసి వస్తావా?" అన్నాడు. ఆశ్రమం జొన్నలతో, ఆకుకూరలతో ఆ ఇల్లు ఎలాగో నెట్టుకొచ్చింది.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పడి, కొర్లయ్య ఇల్లు ధారలు కట్టింది. అతడు అటక మీది పరుపులు కిందికి లాగేసి, దానయ్య వలను అక్కడికెక్కించాడు. పరుపులు నానిపోతున్నాయని భార్య మొత్తుకుంటే, "ఇది జనపనార. కుళ్ళిందంటే ఆ ముసలాడు మన వలను బతకనిస్తాడా?" అని కసిరాడు.

గడువు తీరిన రోజున కొర్లయ్య వలను దానయ్య తిరిగి తెచ్చాడు. కొర్లయ్య దాన్ని ఇసుకలో పరిచి, చిరుగు కోసం అంగుళం అంగుళం వెతికాడు. నడిమధ్య తలకాయ పట్టేంత పాత చిరుగొకటి ఉండేది, ఏళ్ళ తరబడి తీరిక లేక వదిలేసింది. ఇప్పుడక్కడ ఆవలి ఒడ్డువాళ్ళు వేసే జంటముడులతో కొత్తగా అల్లి ఉంది. కొర్లయ్య వేళ్ళు ఆ ముడుల మీద ఆగిపోయాయి.

"ఇదెందుకు కట్టావు తాతా?" అన్నాడు.

"నేనే చింపానంటావని భయపడ్డాన్రా అయ్యా" అన్నాడు దానయ్య.

నాకు కళ్ళు చెమర్చాయి. అంకన్న మాత్రం దిగాలుగా గురువుగారి దగ్గరికొచ్చాడు.

"వీళ్ళలో ఒక్కరూ నమ్మి చేయలేదు, స్వామీ. ఇద్దరూ భయపడే చేశారు. ఇక రాజుగారికి ఏమని చెప్పను?"

గురువుగారు ఇసుకలో పక్కపక్కన పరిచి ఉన్న కొర్లయ్య, దానయ్యల వలల వైపు చూశారు.

"రెండూ బాగున్నాయని చెప్పు."