నూకరత్నం గుమ్మం ముందు

ఆ ఆదివారం మధ్యాహ్నం సుదత్తుడికి ఫోను ముట్టుకోవాలంటే భయం వేసింది.

సముద్రం పక్కన కొండ మీద వాళ్ళదొక చిన్న బౌద్ధ విహారం. ఉండేది ఇద్దరే, అందరూ భంతే అని పిలిచే ముసలి భిక్షువు నందియ, ఆయన శిష్యుడు సుదత్తుడు. రోజూ పొద్దున పాత్రలు పట్టుకుని ఊళ్ళోకి దిగుతారు. ఒక్కో గుమ్మం ముందు మౌనంగా కాసేపు నిలబడతారు. పిలవరు, తలుపు తట్టరు. పెట్టింది పట్టుకుని వచ్చి, మధ్యాహ్నం కాకముందే తింటారు. ఆ తర్వాత మెతుకు ముట్టరు.

ఆ ఉదయం ఏం జరిగిందో, భంతే ఏమన్నారో ప్రతి ఆదివారం సుదత్తుడు ఈమెయిల్లో ఉత్తరంగా పంపుతాడు. కావాలని పేరిచ్చి మరీ చదివేవాళ్ళు మూడు వేల మంది. విశాఖలో ప్రకటనల కంపెనీలో పనిచేసినప్పటి అలవాటొకటి అతన్ని వదల్లేదు. శుక్రవారమే ఉత్తరం రాసేసి టైము పెట్టేస్తాడు. ఆదివారం తొమ్మిదికి దానంతటది వెళ్ళిపోతుంది. మహానుభావుడికి అందులో తప్పేమీ కనిపించలేదు.

శనివారం భంతేకి జ్వరం వచ్చింది. ఆదివారం ఇద్దరూ కొండ దిగలేదు. ఉత్తరం మాత్రం తొమ్మిదికల్లా వెళ్ళింది. 'ఈ ఉదయం నూకరత్నంగారి గుమ్మంలో పొగలు కక్కే అన్నం అందుకుని భంతే నవ్వారు' అని.

అంగన్‌వాడీ టీచరు నూకరత్నం ఆ ఉత్తరం చదివి వెంటనే జవాబు రాసింది. "నేను తొమ్మిది దాకా గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఇన్నాళ్ళూ మీరు రాసినవన్నీ ఇలాంటివేనా? నా పేరు తీసెయ్యండి."

అదే మాట పాఠకుల వాట్సాప్ గ్రూపులోనూ పెట్టింది. మధ్యాహ్నానికి అరవై మంది తమ పేర్లు తీసేసుకున్నారు.

నాలుగేళ్ళ కష్టం. సుదత్తుడు చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. ఇక ఒక్కరిని కూడా పోనివ్వకూడదని పట్టుబట్టి మూడు పేరాల సంజాయిషీ రాశాడు. దుప్పటి కప్పుకుని వేణ్ణీళ్ళు తాగుతున్న భంతేకి చదివి వినిపించాడు. సాంకేతిక కారణాల వల్ల పొరపాటు జరిగిందని మొదలవుతుంది అది.

"ఎవరది?" అన్నారు భంతే.

"ఎవరు భంతే?"

"ఆ సాంకేతిక కారణం."

భంతే గ్లాసు కింద పెట్టి లేచారు.

"జ్వరంతో మీరెందుకు? ఆవిడ దగ్గరికి నేను వెళ్ళొస్తాను."

"నువ్వెళ్తే మూడు పేరాలూ చదువుతావు."

మెట్ల మీద రెండుచోట్ల కూర్చుని లేచారు. నూకరత్నం ఇంటికి చేరేసరికి మూడయింది. చేతుల్లో పాత్రలు కూడా లేవు.

ఆమె బయటికొచ్చి నిలబడిపోయింది. "ఏటి బంతే, ఈయేళప్పుడు ఒచ్చేరు? ఇప్పుడు మీరు తినరు కదా!"

"ఈ పొద్దున మేము రాలేదమ్మా," అన్నారు భంతే.

అంతే. జ్వరం మాట కూడా ఎత్తలేదు. సుదత్తుడి నాలుక చివరిదాకా వచ్చింది, కనీసం జ్వరమనైనా చెబుదామని. భంతే మొహం చూసి మింగేశాడు.

నూకరత్నం అతనివైపు తిరిగింది.

"నేను శుక్రవారమే రాసేశానండీ," అన్నాడు. "ఏదీ జరక్కముందే."

"ఈదిలో అందరూ అడిగేరు బాబూ, ఎవరి కోసం కాసుక్కూకున్నావని." ఆమె లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

కొండెక్కాక సుదత్తుడు మూడు పేరాలూ చెరిపేశాడు. 'ఈ ఉదయం మేము భిక్షకు వెళ్ళలేదు. వెళ్ళినట్టు శుక్రవారమే రాసి పెట్టాను. నూకరత్నంగారు తొమ్మిది దాకా గుమ్మంలో నిలబడ్డారు' అని మాత్రం రాసి, అందరికీ పంపాడు. ఇంకో ఇరవై పేర్లు పోయాయి.

సోమవారం ఒక్కడే పాత్ర పట్టుకుని దిగాడు. ఆమె తలుపు వేసే ఉంది. కాసేపు నిలబడి పక్కింటికి వెళ్ళాడు. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. గురువారం తలుపు వెనక గాజుల చప్పుడు వినిపించింది గానీ తలుపు తీయలేదు.

తిరిగొచ్చి భంతే ముందు కూర్చున్నాడు. సిగ్గూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి.

"ఇంకా ఎన్నాళ్ళు నిలబడాలి భంతే?"

భంతే అతని పాత్ర అందుకుని తుడుస్తూ అన్నారు. "ఆదివారం గిన్నె పట్టుకుని నిలబడినప్పుడు ఆవిడెవరినైనా అడిగిందా, ఎంతసేపని?"

శుక్రవారం సుదత్తుడు ఏమీ రాయలేదు. పాత్ర తీసుకుని మెట్లు దిగాడు.