కనబడని వీడియోలు

కొవ్వూరులో యజ్ఞేశ్వర సిద్ధాంతిగారికి ఒక అలవాటుండేది. ఎవరేం చెప్పినా, ఏం చూపించినా, మొదలుపెట్టాక ఆఖరిదాకా వినేవారు, చూసేవారు. మధ్యలో "సరే, అర్థమైందిలే" అన్న మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు. ముహూర్తం అడగడానికి వచ్చినవాళ్ళు ఆయన ముందే కట్నకానుకల గొడవకి దిగినా అంతే, అరుగు మీద గోడకి జారబడి అంతా విని, ఆ తర్వాతే నోరు విప్పేవారు. ఈ అలవాటుతో శిష్యులకి ప్రాణం విసిగిపోయేది. ఫణీంద్రకి మరీనూ.

ఈ ఫణీంద్ర ఆయన దగ్గర జ్యోతిషం మొదలుపెట్టాడు. లెక్కల దగ్గరికి వచ్చేసరికి బద్ధకించి, ఫోనులో వీడియోల చానల్ పెట్టుకున్నాడు. టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోళ్ళుంటాయి చూడండి, కొత్తది ఎప్పుడొస్తుందో, ఎంతకమ్ముతారో కంపెనీవాడు చివరిదాకా పెదవి విప్పడు. ఇక్కడ కుర్రాళ్ళకేమో నిద్రపట్టదు. ఆ సందులో దూరాడు మనవాడు. ఫలానా తారీఖు, ఫలానా ధర అని చెప్పేవాడు, చెప్పింది చెప్పినట్టు జరిగేది. ఒక్కసారీ తప్పలేదు. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు.

ఆ వీడియోలన్నిటిలోనూ వెనకనుంచి ఒక కుట్టుమిషను చప్పుడు వినపడుతూ ఉండేది. అది వాళ్ళక్క సుభద్రది. తల్లీతండ్రీ పోయాక జాకెట్లు కుట్టి వాణ్ణి పెంచిన మనిషి. ఉన్నవి రెండు గదులు, ముందు గదిలో ఆవిడ మిషను, వెనక గదిలో వీడి జోస్యం. చూసేవాళ్ళకి ఆ చప్పుడు ఎంత అలవాటైపోయిందంటే, "మిషనక్క బాగున్నారా?" అని కింద రాసేవారు. బాగాలేదని ఫణీంద్రకి తెలుసు. కొన్నాళ్ళుగా ఆవిడకి నాలుగడుగులు వేస్తే ఆయాసం, గుండెల్లో పట్టేసినట్టు నొప్పి. "ఒరే, ఒక్కసారి రాజమండ్రి తీసుకెళ్ళి చూపించరా" అని నోరు తెరిచి అడిగింది కూడా. "ఈ కన్సోల్ రానీ అక్కా. లాంచ్ అయిపోగానే నీ పనే" అన్నాడు వీడు. ఆవిడ నమ్మింది. తారీఖుల విషయంలో తమ్ముడి మాట తప్పదని ఊరంతా అంటుంటే ఆవిడ మాత్రం ఎందుకు నమ్మదు?

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఫణీంద్ర గురువుగారి దగ్గరికి వచ్చాడు. రాబోయే కన్సోల్ సంగతి ఆషామాషీ కాదు, దేశమంతా ఎదురుచూస్తున్నది. చానల్ మీద తన పేరు పక్కన సిద్ధాంతిగారి పేరు కూడా వేసుకుంటే తిరుగుండదని వాడి ఆలోచన. నేరుగా అడిగితే కాదంటారేమోనని చుట్టుతిప్పి అడిగాడు.

"గురువుగారూ, గ్రహణం ఎప్పుడో మీరు ముందే చెప్తారు. కన్సోల్ ఎప్పుడో నేను ముందే చెప్తాను. మీదీ తప్పదు, నాదీ తప్పదు. మరి మీకూ నాకూ తేడా ఏమిటండీ?"

సిద్ధాంతిగారు కోప్పడలేదు. "నువ్వెలా చెప్తావో చూపించు" అన్నారు.

ఆయన ముందు అబద్ధమాడే ధైర్యం ఫణీంద్రకి లేదు. కాస్త సిగ్గు, అంతకంటే ఎక్కువ గర్వంతో కిటుకు చెప్పేశాడు. రాగల తేదీలన్నిటికీ, ఉండగల ధరలన్నిటికీ తలా ఒక వీడియో ముందే తీసి, ఎవరికీ కనపడకుండా ఎక్కించి పెట్టుకుంటాడు. కంపెనీవాడు అసలు సంగతి ప్రకటించగానే, దానికి సరిపోయిన వీడియో ఒక్కటే బయటికి వదిలి, మిగతావి చెరిపేస్తాడు. ఎక్కించిన తేదీ ఎప్పటిదో పాతది కనపడుతుంది గనక జనం దండం పెడతారు. ఈసారివి కూడా మొన్న ఆదివారమే, ఒకే చొక్కాతో, కూర్చున్నచోటునుంచి లేవకుండా తీసేశాడు.

"చెరిపేసేవాటిని ఎవరైనా చూస్తారా?" అడిగారు సిద్ధాంతిగారు.

"అవి ఎందుకండీ చూడటం? జరగనివి కదా."

"నేను చూస్తాను. నెలల వరసలో పెట్టు."

ఫణీంద్ర లోపల తిట్టుకున్నాడు. ఈయన ఒకటి మొదలుపెడితే అన్నీ పూర్తిగా చూస్తారు, సాయంత్రమైపోతుంది. గత్యంతరం లేక ఫోను ఆయన ముందు నిలబెట్టాడు.

సెప్టెంబరుది పెట్టాడు. నలభై ఎనిమిది వేలన్నాడు తెర మీది ఫణీంద్ర, నవ్వుతూ. వెనక మిషను గలగలా ఆడుతోంది. దసరాకి వస్తుందన్నదాన్లోనూ అంతే, ధర మారింది, నవ్వు మారలేదు, మిషను ఆగలేదు. ఫణీంద్రకి ఆవులింత వచ్చింది. వీధిలో పోతున్న ఐస్ బండి వైపు చూస్తూ కూర్చున్నాడు.

దీపావళిదాన్లో మిషను నెమ్మదించింది. కాసేపు ఆడుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఆడుతోంది. తెర మీది ఫణీంద్ర "యాభై రెండు వేలు, రాసిపెట్టుకోండి" అంటుండగా పూర్తిగా ఆగిపోయింది. వెంటనే కత్తెర నేల మీద పడ్డట్టు ఒక చప్పుడు, దాని వెనకాలే బరువుగా ఇంకేదో పడ్డ చప్పుడు. తెర మీది మనిషి వెనక్కి తిరిగి చూడలేదు. "నేను ముందే చెప్పానుగా" అని నవ్వుతూనే ఉన్నాడు.

ఫణీంద్ర చూపు ఐస్ బండి మీంచి ఫోను మీదికి వచ్చింది.

ఆ తర్వాతి తేదీల్లో దేనిలోనూ మిషను చప్పుడు లేదు. కార్తీకందాన్లో వాడి వెనకంతా నిశ్శబ్దం. డిసెంబరుది ఇంకా పాడు. అందులో వాడి గొంతు కంగుమని మోగుతోంది, బట్టల మూటలూ సామానూ అన్నీ తీసేసిన ఇంట్లో మాట్లాడితే మోగినట్టు. అదే చొక్కా, అదే నవ్వు. సిద్ధాంతిగారు అదీ ఆఖరిదాకా చూశారు.

"మైకు పాడైనట్టుందండీ" అన్నాడు ఫణీంద్ర. అన్నాడే గానీ ఆ మాట మీద వాడికే నమ్మకం కలగలేదు. మైకు పాడై ఉంటే తీసిన వరసలో పాడవ్వాలి. వాడు వరసలో తీయలేదు. అన్నిటికంటే ముందు తీసింది డిసెంబరుది, ఆఖర్న తీసింది సెప్టెంబరుది.

ఇంటికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎంతకీ ఎత్తదే. చివరికి సుభద్ర ఎత్తింది.

"ఏరా, అన్నానికి రావా? చారు చల్లారిపోతోంది."

"అక్కా, మొన్న ఆదివారం నువ్వు మధ్యలో మిషను ఆపావా? కత్తెరేమైనా పడిందా?"

"ఎక్కడాపుతాన్రా, పెళ్ళివాళ్ళ జాకెట్లు నెత్తి మీదుంటేనూ. పొద్దు గుంకేదాకా లేవలేదు. కత్తెర పడితే నీ వీడియో పాడైందని నువ్వూరుకుంటావా?" అని నవ్వబోయి ఆయాసపడింది. కాస్త ఊపిరి తీసుకుని, "తొందరగా రా" అంది. ఫోను పెట్టేయడం మరిచిపోయి పనిలో పడింది కాబోలు, మిషను చప్పుడు మళ్ళీ మొదలైంది. నిదానంగా, ఆగి ఆగి వినిపించింది. దీపావళి వీడియోలో విన్న చప్పుడు అచ్చం ఇలాగే ఉంది.

ఇన్నాళ్ళూ ఎవరికైనా ఏదో ఒక తేదీ చెప్పి బతికిన ఫణీంద్ర, గురువుగారి కాళ్ళ దగ్గర కూలబడి, ఆఖరికి అదే అడిగాడు.

"దీపావళేనా అండీ? కన్సోల్ ఎప్పుడొస్తే నాకేం, అది పోనివ్వండి. ఇది చెప్పండి. మీకు లెక్క తెలుసు. అక్క జాతకం తెచ్చిస్తాను, ఇంకా ఎంత వ్యవధి ఉందో కచ్చితంగా చెప్తే, దాన్నిబట్టి డాక్టరు దగ్గరికి ఏ రోజున..."

సిద్ధాంతిగారు చెయ్యెత్తారు. ఒకరి మాట పూర్తికాకుండా ఆయన ఆపడం ఆ అరుగు మీద అదే మొదటిసారి.

"మిషను ఇంకా నడుస్తోంది నాయనా" అన్నారు. "నువ్వింకా ఇక్కడే కూర్చున్నావు."