వాల్వు దగ్గర నాలుగో కొవ్వొత్తి

అనగనగా సముద్రానికి దగ్గర్లో ఒక ఊరుండేది, బంగారం. ఒకప్పుడు ఊరి చుట్టూ వరిచేలుండేవి. ఆ తర్వాత అన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఉప్పు భూమిలోకి దిగి బావులన్నీ ఉప్పుకశమైపోయాయి. రొయ్యలు మాత్రం హాయిగా బతికాయి. మనుషులకే గొంతు తడుపుకోవడానికి దిక్కులేదు.

ఊరి చివర పేటలో దీవెనమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ కూతురు రూతు పురిటికి పుట్టింటికొచ్చింది. నెలలు నిండాయి, పాదాలు బూరెల్లా పొంగాయి. ఆ ఉప్పునీళ్ళు తాగితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. దీవెనమ్మ పాపం పక్కూరి నుంచి బిందె నెత్తినెట్టుకుని మోసుకొచ్చేది.

పేటకి మంచినీళ్ళ పైపు లేదా అంటే, ఉంది! గవర్రాజు అని చెరువుల ఆసామి ఒకడు, దారిలో దానికి తన పైపు అతికించుకున్నాడు. పేటకి వెళ్ళే వాల్వు బిగించేశాడు. నీళ్ళన్నీ తన చెరువులోకి మళ్ళించాడు. చెరువులో ఉప్పెక్కువైతే రొయ్య ఎదగదట! చెప్తుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

అప్పుడు ఆగమన కాలం వచ్చింది. అంటే క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాలు. ప్రభువు వస్తాడని ఆశతో ఎదురుచూసే రోజులు. ఆదివారానికో కొవ్వొత్తి చొప్పున చర్చిలో వెలిగిస్తారు.

మొదటి కొవ్వొత్తి వెలిగింది. ఆ తర్వాత దీవెనమ్మ గవర్రాజు ఇంటికెళ్ళింది. "బాబుగారూ, మా పిల్ల నిండుచూలాలు. వాల్వు తిప్పించండి," అని బతిమాలింది. ఆయన ఉయ్యాలబల్ల మీద నుంచి లేవనైనా లేవలేదు. "రొయ్యలు పట్టేదాకా ఎదురుచూడవే," అన్నాడు.

రెండో కొవ్వొత్తి వెలిగింది. ఆ తర్వాత దీవెనమ్మ పంచాయతీ ఆఫీసుకెళ్ళింది. అక్కడాయన పళ్ళు కుట్టుకుంటూ, "పైనుంచి ఆర్డరు రావాలమ్మా, ఎదురుచూడు," అన్నాడు. పైనుంచి ఆర్డరు వచ్చే గవర్రాజు పైపు అతికించాడా, నువ్వే చెప్పు!

మూడో కొవ్వొత్తి వెలిగింది. అప్పుడు పాస్టరయ్యగారు ప్రసంగం మొదలెట్టారు. మంచివాడే, కాదనను. కానీ ఆయనా అదే పాట. "కష్టకాలం వచ్చింది. ఓర్పుతో ఎదురుచూద్దాం," అన్నారు.

దీవెనమ్మ ఇక ఆగలేకపోయింది. చాప మీద నుంచి లేచి నిలబడింది.

"ఏటి అయ్యగారూ, అందరూ నన్నే ఎదురుచూడమంటారు? గవర్రాజూ అదే అన్నాడు, ఆఫీసాయనా అదే అన్నాడు, ఇప్పుడు మీరూనా! ఇంటికి చుట్టమొస్తన్నాడంటే గుమ్మంలో కూలబడి చూత్తామా? ఇల్లు ఊడుత్తాం, కాళ్ళు కడుక్కోడానికి చెంబుతో నీళ్ళెడతాం. మన ప్రభువొచ్చినా, నా మనవడొచ్చినా, మన దగ్గర చెంబుడు నీళ్ళేయి?"

అయ్యగారు బైబిలు మూసేసి, "తప్పయిపోయిందమ్మా," అన్నారు.

ఆ తర్వాత నాలుగో ఆదివారం వచ్చింది. కొవ్వొత్తి పట్టుకుని అయ్యగారు చర్చిలోంచి బయటికొచ్చేశారు. ఆయన వెనక దీవెనమ్మ, ఆవిడ వెనక పేటంతా. ఆడవాళ్ళందరి చంకల్లో ఖాళీ బిందెలు. పాడుకుంటూ గవర్రాజు చెరువుగట్టు మీదకెళ్ళారు. వాల్వు పక్కన ఇటుక పెట్టి, దాని మీద కొవ్వొత్తి వెలిగించి, చుట్టూ కూర్చున్నారు.

గవర్రాజు బండేసుకుని వచ్చాడు. ముందు అరిచాడు. కేసు పెడతానన్నాడు. "పెట్టుకోండి. పంచాయతీ పైపుకి మీ పైపు ఎలా అతుక్కుందో అక్కడే చెబుదురుగాని," అన్నారు అయ్యగారు. అప్పుడు గవర్రాజు గొంతు తగ్గించి, నవ్వు పులుముకున్నాడు. "పండక్కి ట్యాంకరు పంపిస్తాలెండి. నా పేరు చెప్పుకుని తాగండి."

దీవెనమ్మ ముఖం ఎర్రబడింది. "మా నీళ్ళు మాకే దానం చేత్తావా? సిగ్గులేదూ?" అంది.

అప్పుడు అయ్యగారు చొక్కా చేతులు పైకి మడిచారు. వాల్వు పట్టుకుని తిప్పారు. బిగుసుకుపోయింది, తిరగలేదు. దీవెనమ్మ కూడా చెయ్యి వేసింది. పేటవాళ్ళు ఇంకో ఇద్దరు వేశారు. కిర్రుమని తిరిగింది. గవర్రాజు అంతమందిని చూసి, బండెక్కి వెళ్ళిపోయాడు. పేటలో వీధి కొళాయి ముందు దగ్గింది, తుప్పు కక్కింది. ఆ తర్వాత తెల్లటి నీళ్ళు జలజలా పడ్డాయి.

రూతు బిడ్డ పండగ దాకా ఆగలేదు. ఆ వారంలోనే ఆడపిల్ల పుట్టింది. దాన్నెవరూ ఎదురుచూడమనలేదుగా! మంచినీళ్ళు కాచి మొదటి స్నానం పోశారు. దీవెనమ్మ ఆ పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, పోసినంతసేపూ ఏడ్చింది.

ఏంటమ్మా? గవర్రాజు మంచివాడైపోయాడా అనా? అవలేదు. వాడి పైపు ఇంకా అక్కడే ఉంది. అందుకే ఏటా నాలుగో కొవ్వొత్తి ఆ పేటవాళ్ళు వాల్వు దగ్గరే వెలిగిస్తారు. వెలిగించి, ముందు చేత్తో తిప్పి చూస్తారు. తిరిగితేనే ప్రార్థన మొదలెడతారు.

కథేమో కంచికి, నీళ్ళేమో పేటకి,
పాపేమో ఉయ్యాలకి, నువ్వేమో నిద్రకి.