మొదటి గ్లాసు

జంతుశాస్త్రం చదివే పిల్లలకు కప్పను కోయమంటే భయం ఉండదు. సగటు తీయమంటే మాత్రం చేతులు వణుకుతాయి. ఢిల్లేశుకీ అలాగే వణికేవి. ఎమ్మెస్సీ మొదటి ఏడాది గణాంకశాస్త్రం పేపరు తప్పాడు కూడా. ఆ పాఠం చెప్పే పాణిగ్రాహి మాస్టారు విసుక్కోకుండా మళ్ళీ మొదటి నుంచీ చెప్పారు.

మరుసటి ఏడాదికి పట్టు దొరికింది. ప్రాజెక్టుకి ఢిల్లేశు సొంత ఊరినే ఎంచుకున్నాడు. జీడితోటల మధ్య ఉండే ఊరు. అక్కడ మనుషులు నడివయసు రాకుండానే కిడ్నీలు పాడై చచ్చిపోతున్నారు. ఎందుకో ఎవరికీ తెలియదు. కొందరు ఊరి బోరు నీళ్ళన్నారు, కొందరు ఖర్మ అన్నారు.

బడి వరండాలో శిబిరం పెట్టి, వచ్చినవాళ్ళందరి రక్తం తీయించాడు. ఆ బోరు నీళ్ళు ఎన్నేళ్ళుగా తాగుతున్నారో అడిగి రాసుకున్నాడు. లెక్క కట్టి చూస్తే విచిత్రంగా ఉంది. ఏళ్ళ తరబడి తాగుతున్నవాళ్ళ కిడ్నీలే బాగున్నాయి, నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన కోడళ్ళ కన్నా కూడా. ఆ తేడా కాకతాళీయంగా వచ్చింది కాదని సూత్రం పెట్టి తేల్చుకున్నాడు.

కాళ్ళు నేల మీద నిలవక, కాగితాలు పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"నీళ్ళది తప్పు కాదు సార్. సోమవారం పంచాయతీలో చెప్పేస్తాను."

ఏటి నుంచి పైపు వేయించాలా, ఉన్న బోరే ఉంచాలా అని ఊళ్ళో తగువు నడుస్తోంది. చదువుకున్న కుర్రాడు, వాడేం చెబితే అదే అని పెద్దలు ఢిల్లేశు మీద వదిలేశారు. ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మకి అప్పుడే చెప్పేశాడు కూడా.

మాస్టారు కాగితాలన్నీ చూశారు. కూడికలో తప్పు లేదు, సూత్రంలో తప్పు లేదు. ఆదివారం మీ ఊరు వస్తాను, అమ్మగారిని చూసినట్టుంటుంది అన్నారు. మెచ్చుకోవడానికే వస్తున్నారనుకుని ఢిల్లేశు పొంగిపోయాడు.

ఎండలో వచ్చారు ఇద్దరూ. ఢిల్లేశు తల్లి నరసమ్మ చాప పరిచింది. మాస్టారు మంచినీళ్ళు అడిగారు.

ఆవిడ కుండలోంచి ఒక గ్లాసు ముంచింది. దాన్ని మాస్టారికి ఇవ్వలేదు. గోడకి ఉన్న చిన్న చెక్క మీద, ఒక ఫొటో ముందు పెట్టింది. తర్వాత రెండో గ్లాసు ముంచి మాస్టారి చేతికిచ్చింది.

మాస్టారు ఆ ఫొటో వంక చూశారు. ఢిల్లేశు పోలికే, కాస్త పెద్దవాడు.

"పెద్దోడు బాబూ, లోకనాథం," అంది నరసమ్మ. "కిడ్నీలు పాడై, ఆకర్రోజుల్లో గుక్కెడు నీల్లియ్యమ్మా అని ఏడ్సినాడు. ఒల్లు ఉబ్బిపోతాది, ఇయ్యొద్దన్నారు డాట్రుగారు. నానియ్యలేదు. అందుకే ఈ ఇంట్లో ఎవులికి ముంచినా మొదటి గలాసు ఆడికే."

తర్వాత ఆవిడే అడిగింది.

"పుట్టిన కాడ్నించీ ఆడికి నా సేత్తోనే తాగించినాను ఆ బోరు నీల్లు. మంచియ్యే అంటన్నాడు మావోడు. నిజవేనా బాబూ?"

ఢిల్లేశు కూడా మాస్టారి మొహంలోకి చూశాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రావాలని వాడికి ఎంత ఆశగా ఉందో చెప్పలేం. ఈ చదువంతా, ఈ లెక్కంతా అమ్మకి ఆ ఒక్క మాట చెప్పడం కోసమే చేశాడు మరి.

మాస్టారు గ్లాసులో నీళ్ళు పూర్తిగా తాగారు. గ్లాసు కింద పెట్టి, "ఇంకా తెలీదమ్మా" అన్నారు. తర్వాత ఢిల్లేశు వైపు తిరిగారు.

"మీ అన్నయ్య ఎన్నేళ్ళు తాగాడు ఈ నీళ్ళు?"

"పుట్టినప్పటి నుంచీ సార్. పోయేదాకా."

"నీ లెక్కలో ఎక్కడున్నాడు?"

"శిబిరానికి..." అని మొదలుపెట్టి ఢిల్లేశు ఆగిపోయాడు. శిబిరానికి రాగలిగింది బతికున్నవాళ్ళే.

మాస్టారు లేచారు. ఢిల్లేశు చేతిలో కాగితాలు తీసుకుని, చెక్క మీది గ్లాసు ఎత్తి, కాగితాలు దాని కింద పెట్టారు. నీళ్ళు కాస్త తొణికి పైకాగితం తడిసింది.

"నీళ్ళు మంచివేనని ముందు మీ అన్నయ్యకి చెప్పు. తర్వాత పంచాయతీకి చెబుదువుగాని."

నరసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఢిల్లేశు లేచి, చెప్పులు వేసుకుని పక్కింటికి నడిచాడు.

అది మల్లేసు తాత ఇల్లు. ఊరందరి కన్నా ఎక్కువ ఏళ్ళు బోరు నీళ్ళు తాగిన మనిషి. ఢిల్లేశు లెక్కలో అందరి కన్నా మంచి కిడ్నీలు ఆయనవే. శిబిరానికి పిలవడానికి వచ్చిన రోజు ఢిల్లేశు గుమ్మంలోనే నిలబడి పిలిచి వెళ్ళిపోయాడు.

ఈసారి లోపలికి వెళ్ళి, ముందు గోడ వంక చూశాడు. తాత కొడుకులు ముగ్గురూ అక్కడే ఉన్నారు, దండలతో.