నూట ఇరవై బై ఎనభై

ఎవరైనా ప్రశ్న అడిగితే డాక్టర్ పరాంకుశం జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళందరికీ ఇది తెలుసు. ఒకప్పుడు ఆయన హస్తవాసి గురించి జిల్లా అంతా చెప్పుకునేది. తర్వాత వార్డు వదిలి, రోగుల వివరాలను కంప్యూటర్లో భద్రపరిచే పరిశోధనలో పడ్డారు. ఆ పెద్దాసుపత్రిలో ఇవాళ కాగితం కేసు షీటు కనబడదంటే అది ఆయన చలవే.

శిష్యురాలు డాక్టర్ నీరజకు కోపం ఎక్కువ, చదువు అంతకన్నా ఎక్కువ. హాస్టల్లో ఆమె రాసుకున్న నినాదాలు గోడ చాలక తలుపు మీదికి పాకాయి. ఆ ఉదయం ఏడున్నరకు తలుపైనా తట్టకుండా గురువు గదిలోకి వచ్చి, ఆయన ముందు రెండు కాగితాలు పెట్టింది.

మొదటిది ఆడవాళ్ళ వార్డు వివరాలు. మూడు నెలలుగా ప్రతి ఉదయం, దాదాపు ప్రతి రోగికీ బీపీ నూట ఇరవై బై ఎనభై. అన్నీ ఎక్కించింది ఒక్కరే, సిస్టర్ సువార్త. రెండోది ఆమె మీద ఫిర్యాదు. సువార్తది కాంట్రాక్టు ఉద్యోగం. గడువు ఆ వారమే ముగుస్తుంది. కింద పరాంకుశం గారి సంతకం పడితే మళ్ళీ పొడిగించరు.

"వార్డంతా ఒకే బీపీనా సార్? అది ఆడవాళ్ళ వార్డా, అచ్చుపోసిన బొమ్మల కొలువా?" అంది నీరజ. "ఈ అంకెల మీదనా నేను పరిశోధన చేసేది? అబద్ధాన్ని సహించేవాడికీ అబద్ధంలో వాటా ఉంటుంది. తప్పు చేసినవాళ్ళను శిక్షించకుండా నిజాన్ని ఎలా నిలబెడతారో చెప్పండి."

ఆయన చెప్పులు వేసుకున్నారు.

"సంతకం, సార్?"

"పెన్ను నా జేబులోనే ఉందిలే. పద."

వార్డులో సిస్టర్ సువార్త కంప్యూటర్ ముందు కూర్చుని ఒంటివేలితో టకటకా కొడుతోంది. యాభై దాటిన మనిషి. ఒక్కొక్క మంచానికీ నూట ఇరవై, ఎనభై. నీరజ ఒంటికాలి మీద లేచింది.

"కళ్ళముందే దొంగ అంకెలు వేస్తున్నారే, జంకు లేదా సిస్టర్?"

"జంకుతూ కూర్చుంటే పన్నెండో మంచం ఆవిడకి ఇన్సులిన్ నువ్విస్తావా డాక్టరమ్మా?" సువార్త తల తిప్పలేదు. "ఈ గడి నింపందే మందుల పేజీ తెరుచుకోదు. పేజీ తెరుచుకోందే మందుల కిటికీ దగ్గర మందివ్వరు. నలభై ఆరు మంచాలకీ ఉన్నది ఒక్క బీపీ మిషను. అందరికీ చూసేసరికి పదిన్నర. అప్పటిదాకా వీళ్ళని ప్రార్థన చేసుకుంటూ ఉండమంటావా?"

"పదిన్నరకు నిజం అంకె వేసి దిద్దవచ్చు కదా?"

"దిద్దనిస్తేగా! ఒకసారి ఎక్కినదాన్ని మార్చాలంటే సూపరింటెండెంటు గారి అనుమతి కావాలి. మేం దొంగ అంకెలు వేస్తామని పెట్టారంట ఆ రూలు."

చివరి మంచం నింపేసి, మందులకు ఆయమ్మను పంపి, సువార్త మిషను చంకన పెట్టుకుని లేచింది. నీరజ వెంట నడిచింది. ప్రతి మంచం తలవైపు ఇనుప కమ్మీకి ఒక ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. దాని మీద బాల్‌పెన్నుతో తేదీలు, అంకెలు. ఒకచోట నూట తొంభై. ఒకచోట నూట డెబ్బై నాలుగు. ఏడో మంచం దగ్గర నీరజ ఆగిపోయింది. మంగళవారం పొద్దున పదిగంటలు, ఎనభై నాలుగు బై యాభై. దాని పక్కనే, డాక్టరు గారిని పిలిచాను, సెలైన్ పెట్టారు. ఆ మంచం మీది ముసలామె ఇప్పుడు లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది. కంప్యూటర్లో మాత్రం మంగళవారం ఆమెకు ఏమీ కాలేదు.

"ఈ ముక్కల్ని ఏం చేస్తారు?"

"మనిషిని ఇంటికి పంపేసినప్పుడు మంచం తుడుస్తూ పీకేస్తారు."

నిజం చెత్తబుట్టలోకీ, అబద్ధం పరిశోధనలోకీ వెళ్తున్నాయి. నీరజకు మళ్ళీ కోపం వచ్చింది గానీ, ఈసారి అది ఎటు పోవాలో తెలియక కాసేపు తచ్చాడింది. చివరికి గురువు వైపు తిరిగింది.

"వార్డు వాసన ఎరగని ఏ మహానుభావుడు పెట్టాడు సార్ ఈ రూల్సు? పేరు చెప్పండి. ఈమె పేరు కొట్టేసి అతని పేరు రాస్తాను."

"రాసుకో. పరాంకుశం," అన్నారాయన. "పదకొండేళ్ళ కిందట. ఖాళీ గడి కనబడితే నాకు ఒళ్ళుమండేది."

సువార్త నవ్వు ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నీరజ ఫిర్యాదు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చింపేసింది.

ఆ వారంలోనే బీపీ గడిలో కొత్త మాట ఒకటి చేరింది, 'ఇంకా చూడలేదు' అని. అది నొక్కినా మందుల పేజీ తెరుచుకుంటుంది. చూశాక, చూసిన వేళతో సహా అంకె వేసుకోవచ్చు. సువార్త ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించారు. చింపిన ఆ కాగితంలో ఏముందో ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

నెల తిరిగింది. ఉదయం ఎనిమిదింటికి ఆసుపత్రి మొత్తం మీద సగానికి పైగా గడుల్లో 'ఇంకా చూడలేదు' అనే ఉంది. గడులు ఎంతవరకు నిండాయో చూపే జిల్లాల పట్టికలో పైనున్న ఆసుపత్రి అడుక్కి జారింది. సూపరింటెండెంటు మీటింగులో మండిపడ్డాడు. "నిన్నటిదాకా మా రోగులందరికీ బీపీ నిక్షేపంలా ఉండేదండీ!" అన్నాడు. మండిపడుతూనే, దాచడానికి దారిలేక, ప్రతి వార్డుకూ మరో రెండు మిషన్ల కోసం కాగితం మీద సంతకం పెట్టాడు.

నీరజ ఆ పట్టిక తెచ్చి గురువుకు చూపించింది. ఈసారి తలుపు తట్టింది.

"ఇది మనం గెలిచినట్టా సార్, ఓడినట్టా?"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, అడుగున ఉన్న తమ ఆసుపత్రి వరుస మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపారు.

"పదకొండేళ్ళుగా ఎప్పుడు అడిగినా బాగానే ఉన్నానని చెప్పిన రోగి ఇది, అమ్మాయ్. ఇవాళే మొదటిసారి నొప్పి ఎక్కడో చూపించింది."