కర్రకు తొడిగిన రవిక

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. చెప్పినవాళ్లకే గుర్తు లేదు. కొండల మధ్య ఏడుబండల గూడెం అని ఒక గూడెం ఉండేదట. ఆ గూడెంలో పుల్లమ్మ అని ఒకామె ఉండేదట.

పుల్లమ్మ పని తోళ్లు గీకడం. గూడెంలో మోగే ప్రతి డోలు మీద తోలూ ఆమె చేతుల్లోంచి వచ్చిందే. దుప్పి తోలును బూడిద నీళ్లలో నానబెట్టేది, వెంట్రుకలు గీకేది, లాగి కట్టి నీడన ఆరబెట్టేది. ఆ వాసన ఆమెను వదిలేది కాదు. పెళ్లికి పిలిచినా గాలి ఎటు వీస్తోందో చూసి మరీ ఒక చివరన కూర్చోబెట్టేవాళ్లు. ఆమె నవ్వేసి ఆ చివరే కూర్చునేది. డోలు రేపటికల్లా కావాలని ఎవరైనా ప్రాణం తీస్తే మాత్రం ఒకటే మాట అనేది.

"తోలుకు తొందర తెలీదు నాయనా."

ఆ గూడేనికి రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, ఆడది విల్లు ముట్టకూడదు. ముడితే బాణం దారి తప్పుతుందట. రెండోది, ఇప్పపూలు రాలే కాలంలో ఆడవాళ్లూ పిల్లలూ పొద్దున్నే పూలు ఏరుకుంటుంటే తోపు చుట్టూ ముగ్గురు విల్లు పట్టుకుని కాపు కాయాలి. ఇప్పపూలంటే మనుషులకెంత ఇష్టమో ఎలుగులకూ అంత ఇష్టం. తండ్రి నిలబడిన చోటే కొడుకు నిలబడాలి.

పుల్లమ్మ మొగుడు బయ్యన్న తూర్పు వైపు నిలబడేవాడు. ఒక ఏడు అటునుంచే ఎలుగు వచ్చింది. బయ్యన్న విల్లు లాగాడు. ఎండలకు పెళుసెక్కిన కర్ర ఫట్టున విరిగింది. ఎలుగు ఆగలేదు.

విరిగిన విల్లును మనిషితో పాటే పూడ్చాలి. పూడ్చారు కూడా. ఒక ముక్క మాత్రం పుల్లమ్మ కొంగులో దాచి తెచ్చి చూరులో దోపింది. అప్పటికి కొడుకు ఈదన్న పాకుతున్నాడు.

ఏళ్లు గడిచాయి. ఈదన్నకు మీసాలొచ్చాయి. ఆ చలికాలంలో గూడెం పెద్ద గురవన్న వచ్చి చెప్పాడు.

"కోడలా, వచ్చే పూలకు తూర్పు దిక్కు నీ కొడుకుదే."

"సరే మామా" అంది పుల్లమ్మ. ఆయన అటు వెళ్లగానే పొయ్యి ముందు కూలబడింది. కట్టుబాటును కాదనే నోరు ఆమెకు లేదు. కొడుకును పోగొట్టుకునే గుండె కూడా లేదు.

ఈదన్న తడచెట్టు కొమ్మ కొట్టుకొచ్చి విల్లుకు చెక్కి, తాడు కట్టకుండా చూరు కింద ఆరేశాడు. చెక్కగా మిగిలిన రెండు బద్దలు పెరట్లో పడేశాడు. పుల్లమ్మ డోలు తోలు వంక చూసింది, బద్దల వంక చూసింది. ఏడాది పొడుగునా దెబ్బలు తినీ పగలని తోలు, కర్రను పట్టి ఉంచలేదా అనుకుంది.

తోలు ముక్కలు ఉడకేసి చిక్కటి బంక కాచింది. ఒక బద్దకు లోపలి వైపు, అంటే బాణం వేసేవాడి ముఖం వైపు, పచ్చి తోలు అతికించి నారతో చుట్టింది. నీడన ఆరాక మోకాలి మీద పెట్టి వంచింది. ఫట్టున విరిగింది.

ఆ చప్పుడు వినలేక చాలాసేపు చెవులు మూసుకు కూర్చుంది. తర్వాత చూరులోంచి బయ్యన్న విల్లు ముక్క తీసింది. పదిహేనేళ్లలో దాన్ని సరిగ్గా చూసింది అదే మొదటిసారి. కర్ర చీలికలు లేచింది ముఖం వైపు కాదు, బయటికి, అడవి వైపు. విల్లు వంచినప్పుడు సాగి సాగి తెగేది ఆ వైపే.

"ఇన్నేళ్లూ చూరులోంచి నువ్వు చెప్తనే ఉన్నవు, నేనే వినలే" అంది ముక్కతో.

రెండో బద్దకు అడవి వైపు తోలు వేసింది. ఈసారి ఆత్రం ఆగక పొయ్యి పక్కన పెట్టింది. తోలు అప్పడంలా ముడుచుకుని లేచిపోయింది. పుల్లమ్మకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఊరందరికీ తొందర వద్దని చెప్పే మనిషి తనే తొందరపడింది.

ఇక బద్దలు లేవు. తోలు ఒక్క పట్టీయే మిగిలింది. ఇప్పచెట్లు మొగ్గ తొడిగాయి. ఈదన్న బాణాలకు ములుకులు చేయించుకు రావడానికి మైదానంలో కమ్మరి దగ్గరికి బయల్దేరాడు. మూడు రోజుల పని.

వాడు మలుపు తిరిగాడో లేదో పుల్లమ్మ కొడుకు చెక్కిన కర్రను చూరు కింద నుంచి దించింది. అడవి వైపంతా బంక రాసి, నానిన తోలు పరిచి, అరచేత్తో గాలి లేకుండా నొక్కి, ఈ కొస నుంచి ఆ కొసకు నార చుట్టింది. నీడన పెట్టి పక్కనే చతికిలబడింది.

కుక్క నల్లోడు కూడా ఎదురుగా చతికిలబడ్డాడు. పచ్చి తోలు వాసనకు వాడి నోట్లో నీళ్లూరుతున్నాయి.

"నా కొడుకు ప్రాణం రా అది. నీ నాలుక తగిలిందో, నీ తోలే తీసి అతికిస్త" అంది. అని, మిగిలిన చిన్న ముక్క వాడికి విసిరింది. వాడు నములుతూ కూర్చున్నాడు కానీ కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు.

మొదటి రోజు పక్కింటామె వచ్చింది. "ఏం చేస్తున్నవు వదినా?" "తోలుకు కాపలా." రెండో రోజు నీళ్లకు పోయేవాళ్లు ఆగారు. "ఏం చేస్తున్నవు పిన్నీ?" "తోలుకు కాపలా." మూడో రోజు గురవన్నే వచ్చాడు.

"ఏం చేస్తున్నవు కోడలా?"

"కర్రకు రవిక తొడుగుతున్న మామా."

పెద్దాయన ఆమెకు మతి చలించిందేమోనని జాలిపడి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఈదన్న వచ్చాడు. నార విప్పేసిన విల్లును చూసి నీరుకారిపోయాడు.

"ముట్టుకున్నవా అమ్మా? తెల్లారితే కాపు. ఇంకో విల్లు ఎక్కడ తెచ్చేది?"

"తాడు కట్టినవా నువ్వు?"

"లేదు."

"తాడు కట్టేదాకా అది కర్రే. కర్ర ముట్టకుండా నీకు అన్నమెట్ల వండాల్రా?"

ఈదన్న తల్లి చేతులు చూశాడు. వేళ్ల నిండా బంక పట్టి చర్మం లేచిపోయింది. మూడు రోజులుగా తినలేదని ముఖమే చెబుతోంది. వాడు తాడు అందుకుని కట్టాడు. ముడి పడగానే పుల్లమ్మ ఒక అడుగు వెనక్కి వేసి చేతులు కట్టుకుంది. ఇక అది విల్లు. ఆమె ముట్టకూడదు.

పొద్దున్నే తోపులో పూలు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. పుల్లమ్మ గంప పట్టుకుని వంగిందే కానీ ఒక్క పువ్వూ ఏరలేదు. చూపంతా తూర్పు వైపే. మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు పొదలు కదిలాయి. పిల్లలు అరుస్తూ పరిగెత్తారు. ఎలుగు వెనక కాళ్ల మీద లేచింది.

ఈదన్న విల్లు లాగాడు. కర్ర లోపల టక్కుమంది. ఆ చప్పుడు పుల్లమ్మకు తెలుసు.

కానీ విల్లు విరగలేదు. బాణం పోయి ఎలుగు భుజంలో దిగింది. అది బొబ్బరించి, తిరిగి, అడవిలోకి పారిపోయింది.

గూడెమంతా మూగింది. గురవన్న విల్లు అందుకుని తిప్పి చూశాడు. కర్ర చీలి ఉంది. బయ్యన్న విల్లు చీలిన చోటే, పిడికిలికి జానెడు పైన. తోలు మాత్రం చీలికను లేవనీయకుండా పట్టుకుని ఉంది.

"ఎవరు వేసిన్రు ఈ తోలు?" అన్నాడు.

పుల్లమ్మ ముందుకొచ్చింది.

"నేనే మామా. విల్లు ముట్టలేదు. తాడు కట్టకముందు కర్రనే ముట్టిన. తప్పంటే గూడెం విడిచి పోత. బిడ్డ బతికిండు, నాకు చాలు."

గురవన్న ఆ చీలిక మీద వేలు పెట్టి తడిమాడు. ఆనాడు బయ్యన్నకు పదడుగుల దూరంలో నిలబడింది ఆయనే. తన గుడిసెలోకి వెళ్లాడు. తన విల్లు తెచ్చి, అందరి ముందూ తాడు విప్పి, పుల్లమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు.

"కోడలా, నా దగ్గర ఒక కర్ర ఉంది" అన్నాడు.

ఈదన్న కూడా తన విల్లు తాడు విప్పాడు. విప్పి తల్లి చేతుల్లో పెట్టాడు. అప్పటిదాకా రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది. చీలిన ఆ కర్రను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఆ తర్వాత పెళ్లిళ్లలో ఆమెను మధ్యలోనే కూర్చోబెట్టేవాళ్లు. వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు. కోడలి వరసయ్యే ముగ్గురు ఆడపిల్లలకు ఈ పని నేర్పింది. ముసలిదై, అందరికీ అవ్వయింది.

ఒక ఎండాకాలం మూడు కర్రలకు తోలు వేసి, గోడకు ఆనుకుని కాపలా కూర్చుంది. మూడో రోజు పొద్దున ఎవరో పలకరిస్తే పలకలేదు. "అవ్వ కునుకు తీస్తోంది, లేపకండి" అనుకుని మెల్లగా నడిచి వెళ్లిపోయారు. మధ్యాహ్నమూ అలాగే వెళ్లిపోయారు. సాయంత్రం తోలు ఆరింది. ఈదన్న వచ్చి నార విప్పి, "అమ్మా, ఆరింది" అని లేపాడు. ఆమె లేవలేదు. నల్లోడి మనవడు ఆమె పాదాల మీద తల పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఆ మూడు రోజులూ పచ్చి తోలు పక్కనే ఉన్నా వాడు ముట్టలేదట.

అందుకే ఇప్పటికీ ఏడుబండల గూడెంలో విల్లుకు తోలు వేసేది ఆడవాళ్లే. తోలు వేయించుకోవాలంటే మగవాడు వచ్చి "అక్కా, నా దగ్గర ఒక కర్ర ఉంది" అనాలి. మొదటి తోలు ముక్క కుక్కకు వేస్తారు. ఆరే మూడు రోజులూ ఆ గడప ముందు ఎవరూ గొంతెత్తరు. పిల్లలు అల్లరి చేస్తే, "అవ్వ కునుకు తీస్తోంది, లేపకండి" అంటారు.

ఇంకొకటి కూడా ఉంది. కాపు కాసి ఇంటికి వచ్చినవాడు నీళ్లైనా తాగకముందే విల్లు తాడు విప్పుతాడు. విప్పి, దాన్ని వాళ్లమ్మ చేతిలో పెడతాడు. అప్పటిదాకా ఆమె గడపలోనే నిలబడి ఉంటుంది.