ఎడారి పాఠం చెప్పిన మాస్టారు

నా పొయ్యి మీద ఒట్టు, ఇది మీరు చచ్చినా నమ్మరు. మా కొండమీది హాస్టలు బడిలో పోలినాయుడు మాస్టారని ఒకాయన ఉండేవాడు. పాఠం చెప్పడమంటే ఆయనకి ప్రాణం, మధ్యలో ఎవరైనా నోరు విప్పితే మాత్రం ఒళ్ళు మంట. ఆ బడిలో వంట నాదే. చుట్టుపక్కల నాలాంటి వంటవాడు ఇంకోడు లేడు, ఎవర్నైనా అడిగి చూడండి.

ఆయన సముద్రం పాఠం ఎత్తుకున్నాడంటే ముందు బెంచీ పిల్లల బట్టలు తడిసి ముద్దయ్యేవి. గదిలోంచి చేపలు చీపురుతో ఊడ్చేవాణ్ణి నేను. నవ్వకురా! ఆ చేపల్తోనే పులుసు పెట్టాను, వార్డెను రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. మంచు దేశాల పాఠం రోజునైతే పిల్లలు దుప్పట్లు కప్పుకుని వచ్చేవాళ్ళు. సెలవొస్తే ఆయనకి దిగులు. ఆదివారం పిల్లలు బట్టలుతుక్కునే బండ దగ్గరికి కూడా సుద్దముక్క పట్టుకుని పోయేవాడు. పెళ్ళాం బిడ్డలు లేరు మరి, ఆ పిల్లలే ఆయనకి లోకం.

ఓ మండువేసవిలో ఎడారి పాఠం మొదలెట్టాడు. వేడిగాలి లేచింది. కిటికీలోంచి ఇసుక ఎగిరొచ్చి నా పప్పులో పడింది. తొమ్మిదో తరగతి పిల్ల చిలకమ్మ లేచి నిలబడింది.

"సార్, దాహంగా ఉంది సార్."

"కూర్చో. ఇప్పుడే ఒంటె వస్తోంది."

"సార్, కుండ ఎండిపోయింది సార్."

"అదీ పాఠమంటే!" అని ఆయన మురిసిపోయాడు.

నేను గుమ్మం దగ్గరికి పరిగెత్తాను. "మాస్టారూ, బావిలో నీళ్ళు దిగిపోతున్నాయండీ! ఆపండి బాబూ!"

"ఒక్క పేజీ, గంగులూ. ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు."

నిజమే, చెప్పలేదు. ఆ పేజీ అయ్యేసరికి బావిలో చేద వేస్తే ఠంగుమని రాయి తగిలింది. చిలకమ్మ బెంచీ మీదే వాలిపోయింది. గిన్నెలో కాస్త గంజి మిగిలుంటే అదే ఆ పిల్ల గొంతులో పోశాను. కళ్ళు తెరిచింది. మాస్టారి వైపు మాత్రం చూడలేదు.

మర్నాడు పిల్లల తల్లిదండ్రులు దిగారు. చిలకమ్మ అయ్య సోములు అరవలేదు, తిట్టలేదు. "బాబూ, పిల్ల దాహమని అడిగింది గదా. ఇనపడ్లేదా?" అన్నాడు, అంతే. గుక్కెడు నీళ్ళు లేని బడిలో పిల్లల్ని ఎవరుంచుతారు? రేకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని అందరూ వరసగా కొండ దిగిపోయారు. ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు.

"గంగులూ, ఉండు. వాన పాఠం చెబుతాను. బావి నిండితే పిల్లలొచ్చేస్తారు" అన్నాడు మాస్టారు.

చెప్పాడు కూడా. ఖాళీ బెంచీల ముందు నిలబడి మబ్బులన్నాడు, ఉరుములన్నాడు, గొంతు చిరిగిపోయేదాకా చెప్పాడు. నేను వాకిట్లో ఉన్న బిందెలన్నీ పరిచి కూర్చున్నాను. ఒక్క చుక్క పడితే ఒట్టు. ఆకాశం అలా తెల్లగానే ఉంది.

మాస్టారు మెట్టు మీద కూలబడ్డాడు. "ఆ సముద్రం నేను తెచ్చింది కాదు గంగులూ. పిల్లలు వింటూ తెచ్చుకున్నది" అన్నాడు. అప్పుడైనా ఏడుస్తాడనుకున్నా. ఏడవడానికీ తడి ఉండాలిగా. బడికి తాళం పడింది. ఆయన మళ్ళీ ఎక్కడా పాఠం చెప్పలేదు.

అందుకే చెబుతున్నా, చెవిన పెట్టుకోండి: పాఠం మీద ఎంత ప్రేమున్నా సరే, ముందు పిల్లల గోడు వినాలి. వినని మాస్టారికి చివరికి వినేవాళ్ళు మిగలరు. ఏం, కోతలంటావా? అయితే పో, ఓ ఖాళీ గదిలో నిలబడి వాన పాఠం చెప్పు. ఒక్క చుక్క రాల్చి చూపించు, ఇదిగో, ఈ మీసం తీసేస్తా!